లిస్టులో మీ పేరుందా: ఓటర్ల దినోత్సవం నాటి ప్రసంగం

(జనవరి 25న డిగ్రీ విద్యార్థుల సభలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు మాట్లాడింది ఇది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ చాలా ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా చేశారు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్ళు కూడా ముందుకి వచ్చేయండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి.

ఇందాక మీ అందరి చేతా ఓటరు ప్రతిజ్ఞ చేయించారు, బాగుంది. ఇప్పుడు నేనో మూడు ప్రశ్నలు అడుగుతా, చేతులెత్తండి. ఈ హాల్లో 18 నిండినవాళ్ళు ఎంతమంది? దాదాపు అందరూ. సరే. ఓటరు లిస్టులో పేరున్నవాళ్ళు? చూడండి, సగానికి సగం చేతులు దిగిపోయాయి. ఇంక మూడోది. పేరుంది అంటున్నారు కదా, ఆ పేరు ఏ ఊళ్ళో ఉందో, ఏ పోలింగ్ కేంద్రంలో ఉందో ఈ మూడు నాలుగు నెలల్లో ఒక్కసారైనా చూసుకున్నవాళ్ళు? ముగ్గురు. నలుగురు. ఆ చివర ఆ అమ్మాయి కూడానా, అయిదుగురు.

నేనివాళ మాట్లాడేదంతా ఈ మూడో ప్రశ్న గురించేనండి. ఓటు విలువ గురించి మీకు పెద్దవాళ్ళు చాలామంది చెప్పేసి ఉంటారు, నేను మళ్ళీ చెప్పను.

ఒక ఎన్నికలో నేనో పల్లెటూరి స్కూల్లో పీఓగా, అంటే ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా, ఆ పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే అధికారిగా ఉన్నాను. సాయంత్రం నాలుగున్నర అయింది, లైను పల్చబడింది. ఒకమ్మాయి బ్యాగు భుజానేసుకుని గబగబా లోపలికొచ్చింది. రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి, దారిలో ఒక చోట బస్సు ఆగిపోతే ఇంకో బస్సు పట్టుకుని, ఎండలో నడిచి వచ్చింది. చేతిలో ఎపిక్ కార్డు ఉంది, అంటే ఓటరు గుర్తింపు కార్డు. ఫస్ట్ పోలింగ్ ఆఫీసర్ లిస్టంతా వెతికాడు, వాళ్ళ నాన్న పేరుంది, అమ్మ పేరుంది, అన్న పేరుంది, ఈ అమ్మాయి పేరు లేదు. మళ్ళీ వెతికాడు. లేదు. అభ్యర్థుల తరఫున కూర్చునే ఏజెంట్లు కూడా వాళ్ళ కాపీల్లో చూశారు, మా ఊరి పిల్లే సార్, చిన్నప్పట్నించీ మాకు తెలుసు అన్నారు. తెలిస్తే ఏం లాభం? లిస్టులో లేకపోతే నేనేం చెయ్యలేను, చట్టంలో ఆ దారే లేదు.

బయట హెల్ప్ డెస్క్‌లో బీఎల్ఓ, అంటే ఆ బూత్ ఓటరు లిస్టు చూసుకునే బూత్ లెవల్ ఆఫీసర్, కూర్చుని ఉంటే ఆవిడ దగ్గరికి పంపించా. ఆవిడ ఫోన్‌లో వెతికితే ఏం తేలిందో తెలుసా? ఆ అమ్మాయికి ఓటుంది! ఎక్కడుందీ అంటే, తను చదువుకుంటున్న సిటీలో, హాస్టల్ అడ్రస్ మీద. ఆర్నెల్ల క్రితం వాళ్ళ కాలేజీలో ఓటరు నమోదు క్యాంపు పెట్టారంట, అందరితోపాటు ఈ అమ్మాయి కూడా ఫారం నింపి ఇచ్చేసింది, కొత్త చోట పేరెక్కింది, పాత చోట పేరు తీసేశారు. తీసేయడం కరెక్టే, ఒక మనిషికి రెండు చోట్ల ఉండకూడదు కదా. కానీ ఇక్కడ పేరు పోతుంది, నీ ఓటు ఇకమీదట ఇక్కడ కాదు అక్కడ అని ఆ పిల్లకి అర్థమయ్యేలా చెప్పినవాళ్ళు లేరు. రాత్రంతా ప్రయాణం చేసి తన ఓటుకి దగ్గరవుతున్నా అనుకుంది, నిజానికి దూరమవుతూ వచ్చింది. ఆ పిల్ల ఏడవలేదు, నాతో గొడవ పెట్టుకోలేదు, "అయితే సార్, ఇప్పుడు బస్సెక్కితే అందదా?" అని అడిగింది. నాలుగున్నరకి! నాకు ఈరోజుకీ ఆ మాట గుర్తొస్తే మనసు మనసులో ఉండదు.

ఇప్పుడు చెప్పండి, ఈ పిల్లకి ఓటు మీద శ్రద్ధ లేదా? యువతకి బాధ్యత లేదు, సెలవిస్తే సినిమాకి పోతారు అని ప్రతి ఎన్నికకీ టీవీల్లో చెప్తుంటారు, నాకు ఆ మాట వింటే కోపమొస్తుంది. ఉన్నారు, అలాంటివాళ్ళు కొందరున్నారు, కాదనను. కానీ నేను బూత్‌లో కూర్చుని చూసినంతలో, కుర్రవాళ్ళ ఓటు పోలింగ్ రోజున పోవట్లేదు. అంతకు నెలల ముందే, లిస్టు దగ్గర పోతోంది.

ఇది ఇవాల్టి రోగం కూడా కాదండి. మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా జరిగాయి, సుకుమార్ సేన్ గారు మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్. సుమారు 17 కోట్ల 30 లక్షల మంది ఓటర్లు, అందులో ఎక్కువమందికి చదవడం రాయడం రాదు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఏంటో తెలుసా? లిస్టే. ఇంటింటికీ వెళ్ళి పేరడిగితే చాలామంది ఆడవాళ్ళు పేరు చెప్పలేదు, ఫలానా ఆయన భార్యని, ఫలానా ఆయన కూతుర్ని అన్నారు. సొంత పేరు లేకుండా ఎక్కించేది లేదు అని ఎన్నికల సంఘం గట్టిగా నిలబడింది, దాంతో దాదాపు 28 లక్షల మంది మహిళల పేర్లు లిస్టులోంచి పోయాయి. 28 లక్షలు! వాళ్ళకి ఓటు హక్కు రాజ్యాంగమే ఇచ్చింది, ఆర్టికల్ 326, ఎవరూ కాదనలేదు. హక్కుంది, పేరు లేదు. తర్వాత ఎన్నికలకి ఆ పేర్లు చాలావరకు ఎక్కాయి, అది వేరే సంగతి. అప్పుడు పేరు దగ్గర చిక్కొచ్చింది, ఇప్పుడు మీకు అడ్రస్ దగ్గర చిక్కొస్తోంది. అంతే తేడా.

ఇక మీ వయసువాళ్ళ సంగతికి వద్దాం. మొదట్లో ఓటు వయసు 21. 61వ రాజ్యాంగ సవరణతో 18కి తగ్గించారు, అది 1989 మార్చి 28 నుంచి అమల్లోకొచ్చింది, ఆ ఏడాది చివర్లో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో 18 ఏళ్ళవాళ్ళు మొదటిసారి ఓటేశారు. అంతా బాగానే ఉంది, కానీ ఒక మెలిక మిగిలిపోయింది. 18 నిండాయా లేదా అని చూసేది ఒకే ఒక్క తేదీన, జనవరి 1న. అంటే జనవరి 2న పుట్టినవాడు ఇంచుమించు ఏడాది ఆగాలి. మధ్యలో ఎన్నికలొస్తే చూస్తూ కూర్చోవాలి. దీన్ని సరిచేయడానికి మనకి ముప్పై ఏళ్ళకి పైనే పట్టింది. 2021లో చట్టం సవరించి ఇప్పుడు నాలుగు తేదీలు పెట్టారు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పైగా 17 నిండగానే ముందుగా అప్లై చేసుకోవచ్చు, 18 రాగానే పేరెక్కుతుంది. నన్నడిగితే, యువ ఓటర్ల కోసం ఈ మధ్య కాలంలో చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైంది ఇదే. దీనికి పోస్టర్ లేదు, పాట లేదు, సెలెబ్రిటీ లేడు. ఒక తేదీ మార్చారు, అంతే.

ఇవాళ ఈ సభ ఎందుకు పెట్టారో కూడా చెప్పుకోవాలి. ఎన్నికల సంఘం 1950 జనవరి 25న పుట్టింది, రిపబ్లిక్ డేకి ఒక్కరోజు ముందు. 2011 నుంచి ఈ రోజుని జాతీయ ఓటర్ల దినోత్సవం అని చేస్తున్నారు, కొత్తగా చేరినవాళ్ళకి కార్డులిస్తారు, బ్యాడ్జీ పెడతారు. 2009లో స్వీప్ అని ఓటరు చైతన్య కార్యక్రమం మొదలైంది, 2018లో స్కూళ్ళలో కాలేజీల్లో ఎలక్టొరల్ లిటరసీ క్లబ్బులు పెట్టమన్నారు. మీ కాలేజీలో ఉందా క్లబ్బు? ఉందంటున్నారు. మంచిది. ర్యాలీలు, ముగ్గుల పోటీలు, టూకే రన్నులు, ఇవన్నీ చేస్తున్నారు, చేసేవాళ్ళ కష్టం నాకు తెలుసు, నేనూ చేశాను. నేను వీటిని తక్కువ చెయ్యట్లేదు. కానీ ర్యాలీ అయ్యాక ఎంతమంది నడిచారు అని రాసుకుంటున్నాం, ఎంతమంది పేర్లు సరైన చోట ఎక్కాయి అని రాసుకోవట్లేదు. రెండోదే కదా లెక్క?

లెక్క చెప్తా వినండి. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు దేశంలో మొత్తం ఓటర్లు దాదాపు 97 కోట్లు. అందులో 18, 19 ఏళ్ళవాళ్ళు సుమారు కోటీ 84 లక్షలు. చాలామందే ఉన్నారే అనిపిస్తుంది. కానీ జనాభా అంచనాల ప్రకారం ఆ వయసువాళ్ళు దేశంలో 5 కోట్లకి దగ్గరగా ఉన్నారు. అంటే పదిమందిలో నలుగురు కూడా ఎక్కలేదు! ఇందులో మన తెలంగాణ మెరుగు, ఇక్కడ సుమారు మూడింట రెండొంతుల మంది ఎక్కారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది, బీహార్‌లో అయితే అయిదో వంతు కూడా లేరు. మనకి అంతకు కొన్ని నెలల ముందే, 2023 నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికలయ్యాయి కాబట్టి నమోదు గట్టిగా జరిగింది అని నా ఉద్దేశం. మిగతా రాష్ట్రాల పిల్లలు మనకన్నా బద్ధకస్తులని ఎవరైనా అంటే నేనొప్పుకోను. గుమ్మం దగ్గరికి మనిషి వెళ్ళిన చోట పేర్లెక్కాయి, వెళ్ళని చోట ఎక్కలేదు.

సరే, పేరెక్కినంత మాత్రాన అయిపోయిందా? కాలేదు. 2024 మే 13 గుర్తుందా మీకు? సోమవారం. ఆంధ్రాలో అసెంబ్లీకి, లోక్‌సభకి, తెలంగాణలో లోక్‌సభకి, ఒకే రోజు పోలింగ్. అంతకు ముందు రెండు రోజులూ హైదరాబాద్ నుంచి ఆంధ్రాకి వెళ్ళే బస్సులూ రైళ్ళూ చూశారా, కాలు పెట్టే చోటు లేదు, విజయవాడ హైవే మీద టోల్ గేట్ల దగ్గర కార్లు బారులు. సొంతూళ్ళో ఓటేయడానికి అన్ని వందల కిలోమీటర్లు వెళ్ళారు. ఆంధ్రాలో దాదాపు 82 శాతం పోలింగ్ అయింది, కొన్ని చోట్ల అర్ధరాత్రి దాటాక కూడా లైనులో ఉన్నారు. మరి అదే రోజు హైదరాబాద్, సికింద్రాబాద్ నియోజకవర్గాల్లో? సగం మంది కూడా వెయ్యలేదు, రెండిట్లోనూ 50 శాతం లోపే.

అదే రాత్రి టీవీల్లో మళ్ళీ మొదలు, నగర ఓటరు నిర్లక్ష్యం అని. నిర్లక్ష్యం కొంత ఉంది, నిజమే. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. సిటీలో ఇల్లు మారినవాళ్ళ పేర్లు పాత అడ్రస్‌లోనే ఉండిపోతాయి, చనిపోయినవాళ్ళవి ఉండిపోతాయి, ఒకే మనిషివి రెండేసి ఉంటాయి. శాతం లెక్కగట్టేటప్పుడు వీళ్ళందర్నీ ఓటెయ్యని వాళ్ళ ఖాతాలో వేస్తాం. మాకు బూత్‌లో ఏఎస్‌డీ లిస్టని ఒకటిస్తారు, ఇంట్లో లేనివాళ్ళు, మారిపోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళు అని. సిటీ బూత్‌లో చేసినప్పుడు ఆ లిస్టు చూసి నాకు భయమేసింది, పేజీలకి పేజీలు. వాళ్ళలో ఎంతమంది కుర్రవాళ్ళో! రూమ్ మారినప్పుడల్లా గ్యాస్ కనెక్షన్ మార్చుకుంటాం, డెలివరీ యాప్‌లో అడ్రస్ మార్చుకుంటాం, ఓటు అడ్రస్ మార్చుకోవాలని ఎవరికి తడుతుంది?

మార్చుకోవడం ఎలాగో చెప్తా, రాసుకునేవాళ్ళు రాసుకోండి. మొదటిసారి పేరెక్కించుకోవాలంటే ఫారం 6. ఇప్పటికే ఎక్కడో పేరుండి ఇంకో చోటికి మార్చుకోవాలన్నా, పేరులో తప్పులు దిద్దుకోవాలన్నా ఫారం 8. మారినప్పుడు మళ్ళీ ఫారం 6 పెట్టకండి, చాలా క్యాంపుల్లో ఈ తప్పే జరుగుతోంది, చేతికి దొరికిన ఫారం నింపించేస్తున్నారు. ఫారం 6లో మీకు వేరే చోట పేరు లేదని సంతకం పెడతారు, తెలిసి తప్పు చెప్తే శిక్ష పడే నేరం అది. హాస్టల్ పిల్లలు జాగ్రత్తగా వినండి, మీకు రెండు దారులున్నాయి. అమ్మానాన్నల దగ్గర ఇంటి అడ్రస్ మీద ఉంచుకోవచ్చు, లేదా ఇక్కడ హాస్టల్ అడ్రస్ మీద పెట్టుకోవచ్చు, ఇక్కడ పెట్టుకోవాలంటే కాలేజీ నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఏది మంచిది సార్ అని అడుగుతారు. పోలింగ్ రోజున మీరు ఎక్కడుంటారో అదే మంచిది. సంక్రాంతికి ఇంటికెళ్ళినట్టు ఓటుకీ వెళ్తాను అంటే ఊళ్ళో ఉంచుకోండి. టికెట్ డబ్బులు, పరీక్షలు, ఇవన్నీ అడ్డం అనుకుంటే ఇక్కడికి మార్చుకోండి. తేల్చుకోకుండా ఉండటం ఒక్కటే కూడదు.

ఇంకోటి, టైము. షెడ్యూల్ రాగానే అప్లై చేద్దాంలే అనుకుంటారు. నామినేషన్ల ఆఖరి రోజుతో లిస్టు మూతపడుతుంది, మీ దరఖాస్తు అంతకు పది రోజుల ముందే పడాలి, ఎందుకంటే అభ్యంతరాలకి వారం ఇవ్వాలి, బీఎల్ఓ వచ్చి చూడాలి. చివరి వారంలో పెట్టిన ఫారాలు కుప్పలు పడతాయి. పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలు జరిపేది వేరే, రాష్ట్ర ఎన్నికల సంఘం, కానీ వాళ్ళు కూడా ఈ అసెంబ్లీ లిస్టు మీదే తయారుచేసుకుంటారు కాబట్టి ఇక్కడ పేరు పోతే అక్కడా పోయినట్టే.

ఇప్పుడు ప్రభుత్వాన్నీ ఎన్నికల సంఘాన్నీ నేనొకటి అడగాలి. ఎన్నికల డ్యూటీ చేసే మాకు పోస్టల్ బ్యాలెట్ ఉంది. సైనికులకి ఉంది. 85 దాటిన పెద్దవాళ్ళకి, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకి ఇంటికే వెళ్ళి ఓటేయించుకుంటున్నారు, ఎంత మంచి పనో అది, మంచం మీదున్న ముసలమ్మ ఓటేసి దణ్ణం పెట్టిందని మా తోటి టీచర్ చెప్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. మరి ఇంటికి దూరంగా చదువుకునే పిల్లకి? పనికోసం వలస పోయిన కుర్రాడికి? వాళ్ళకేమీ లేదు. ఒక ప్రయత్నం జరిగింది, 2022 డిసెంబరులో రిమోట్ ఓటింగ్ మెషిన్ అని ప్రకటించారు, ఒకే మెషిన్ మీద 72 నియోజకవర్గాల ఓట్లు వేయొచ్చు, ఉన్న చోట నుంచే సొంతూరి ఓటు. 2023 జనవరిలో పార్టీలని పిలిచి చూపిద్దామంటే చాలా పార్టీలు అభ్యంతరం చెప్పాయి, వలస ఓటరు అంటే ఎవరు, అక్కడ ఏజెంట్లు ఎలా కూర్చుంటారు, ఎన్నికల ప్రవర్తనా నియమావళి ఎలా అమలు చేస్తారు అని. అవి అర్థంలేని ప్రశ్నలు కావు, నిజమైన ప్రశ్నలే. కానీ ప్రశ్నలు రాగానే పక్కన పెట్టేయడం ఏంటి? జవాబులు వెతకాలి కదా? మీ తరం గట్టిగా అడగాల్సింది ఇది.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పు బాబూ. ఈవీఎంలా? మెషిన్ మీద నమ్మకం లేదంటున్నాడు. మంచి ప్రశ్న, అడగాల్సిందే. నేను చేసింది చెప్తా. పోలింగ్‌కి గంటన్నర ముందు, తెల్లవారుజామునే, ఏజెంట్ల ఎదురుగా మాక్ పోల్, అంటే నమూనా పోలింగ్, చేస్తాం, తక్కువలో తక్కువ 50 ఓట్లు, ఎవరికెన్ని వేశామో రాసుకుని రిజల్ట్ నొక్కి చూపిస్తాం, వీవీప్యాట్, అంటే ఓటు ఎవరికి పడిందో కాగితం మీద అచ్చేసి చూపించే మెషిన్, దాని స్లిప్పులతో సరిచూస్తాం. తర్వాత సీఆర్‌సీ, అంటే క్లోజ్, రిజల్ట్, క్లియర్, చేసి సున్నా చూపించి సీల్ వేస్తాం. మీరు ఓటేశాక స్లిప్పు ఏడు సెకన్లు కనపడుతుంది, ఆ ఏడు సెకన్లు తల తిప్పకండి. సాయంత్రం 17సీ అని ఫారం, మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి ఏజెంట్లకి కాపీ ఇస్తాం, కౌంటింగ్‌లో దాంతో పోల్చుకుంటారు. అనుమానమున్నవాళ్ళు ఏజెంట్‌గా కూర్చోండి, దగ్గరుండి చూడండి. నా బాధల్లా ఏంటంటే, మెషిన్ గురించి దేశమంతా మాట్లాడుతుంది, లిస్టు గురించి మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ. 2025లో బీహార్‌లో లిస్టు సవరణ చేస్తే ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి, అప్పుడు గానీ జనం లిస్టుల వంక చూడలేదు. లేనివాళ్ళ పేర్లు కారణాలతో సహా బయటపెట్టండి అని సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. ముసాయిదా వచ్చినప్పుడే మనం చూసుకుంటే అంతదాకా ఎందుకొస్తుంది?

నోటా, అంటే పైవాళ్ళెవరూ వద్దు అని నొక్కే మీట, దాని గురించి అమ్మాయి అడుగుతోంది. నోటాకి ఎక్కువొస్తే ఎన్నిక రద్దవుతుందా అని. అవదమ్మా. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది, నీ అసంతృప్తి రహస్యంగా నమోదవుతుంది, అంతవరకే. 2024లో ఇండోర్‌లో నోటాకి 2 లక్షల 18 వేలకి పైగా పడ్డాయి, అయినా గెలిచినాయన గెలిచాడు. అభ్యర్థులు నచ్చకపోతే నోటా వెయ్యి, నీ ఇష్టం, కానీ ముందు వాళ్ళ అఫిడవిట్ చదువు. కేసులు, ఆస్తులు, చదువు అన్నీ అందులో రాయాలి, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మీ వయసువాళ్ళు ఫోన్ కొనేముందు పది రివ్యూలు చదువుతారు, ఇది నాలుగు పేజీలు చదవలేరా?

టైమైపోతోందని సార్ వాళ్ళు చూస్తున్నారు. ఒక్క సంగతి చెప్పి వదిలేస్తా. పోలింగ్ ముగిసే టైముకి లైనులో ఎంతమందున్నా అందరికీ ఓటుంటుంది. మేం బయటికెళ్ళి స్లిప్పులు పంచుతాం, ఎలా పంచుతామో తెలుసా? లైను చివర నిలబడ్డ మనిషికి ఒకటో నంబరు ఇచ్చి అక్కణ్ణించి ముందుకొస్తాం, ఆయన వెనక ఇంకెవరూ చేరకుండా. చివర వచ్చినవాడి దగ్గర మొదలుపెడతాం. ఆ టైముకి గేటు లోపలుంటే చాలు, రాత్రి పన్నెండైనా మేం కూర్చుని వేయిస్తాం. అలా కూర్చున్నాను కూడా. కానీ లిస్టులో లేని మనిషికి మాత్రం ఏ స్లిప్పూ ఇవ్వలేను.

ఇప్పుడు ఫోన్లు తియ్యండి. సభలో ఫోన్ తియ్యమంటున్నాను, తియ్యండి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పేరు వెతకండి, నెట్ లేనివాళ్ళు పక్కవాళ్ళ దాంట్లో చూసుకోండి, 1950కి ఫోన్ చేసినా చెప్తారు. కనపడితే పోలింగ్ కేంద్రం పేరు రాసుకోండి. కనపడకపోయినా, మార్చుకోవాలన్నా, బీఎల్ఓ మేడం కంప్యూటర్ ల్యాబ్‌లో నాలుగింటి దాకా ఉంటారు, ఫారం 6, ఫారం 8 రెండూ అక్కడున్నాయి. ఏ ఫారమో తేల్చుకోలేనివాళ్ళు ఇటు నా దగ్గరికి రండి, నేనీ బెంచీ మీదే కూర్చుంటా.